గచ్చు మీద అరిగే కోరలు

బేరింగ్ సముద్రంలో తిరిగే వాల్రస్ కోరకు రోజూ తగిలేవి మంచు, ఇసుక, పక్కనున్న మరో వాల్రస్ తోలు. అదే జంతువు జూలో పెరిగితే తగిలేవి సిమెంటు గోడ, కొలను అంచు, ఇనుప గేటు. ఈ తేడా వల్ల ఎన్నో జంతువుల మూతులు వాచాయి, చిగుళ్లలో చీము పట్టింది, చివరికి పెద్ద ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. వాల్రస్‌లను పెంచే జూలలో కోరలు లేనివి కనిపిస్తే సందర్శకులు అవి పిల్లలనో, ఆడవనో అనుకుని ముందుకు కదులుతారు. ఆడవాటికీ కోరలుంటాయి. ఆ బోసి మూతుల్లో చాలావాటికి ఒకప్పుడు కోరలు ఉండేవి. అవి అరిగి, పగిలి, కుళ్లితే డాక్టర్లు తీసేశారు.

ఏనుగు దంతం ముందుపన్ను. వాల్రస్‌ది పైదవడ కోరపన్ను. పుట్టిన పిల్లకు అది పైకి కనిపించదు. ఏడాది నిండేసరికి రెండు మూడు సెంటీమీటర్లు పెదవి కిందికి దిగుతుంది, రెండేళ్లకు 10 సెంటీమీటర్ల దరిదాపులకు వస్తుంది. తర్వాత జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. పెద్ద మగ పసిఫిక్ వాల్రస్‌లో మీటరు పొడవు దాకా పోగలదు. కొస మీద ఉండే పలచటి ఎనామిల్ చిన్నతనంలోనే అరిగిపోతుంది. ఆ తర్వాత పైన సిమెంటం పొర, దాని లోపల డెంటిన్ మిగులుతాయి. కోర లోపలి గదిలో పల్ప్ ఉంటుంది. నరాలు, రక్తనాళాలు, నొప్పి అన్నీ అక్కడే. వయసు ముదిరేకొద్దీ ఈ గదిని రెండో రకం డెంటిన్ పూడ్చుకుంటూ వస్తుంది. చిన్న వయసులో మాత్రం పల్ప్ కోరలో చాలా దూరం కిందికి దిగి ఉంటుంది. అందుకే కుర్ర వాల్రస్ కోర కొస విరిగితే అది పైపై దెబ్బగా మిగలదు, బతికున్న కండే బయటపడుతుంది.

సముద్రపు బతుకులో కోర పనేమిటన్న దానిమీద చాలాకాలం ఒక పొరపాటు నడిచింది. సముద్రం అడుగును కోరలతో దున్ని ఆల్చిప్పలను పైకి తీస్తుందని పాత పుస్తకాలు రాశాయి. పసిఫిక్ వాల్రస్‌ల మీద అమెరికన్ జీవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఫే 1982లో వెలువరించిన పెద్ద గ్రంథం ఆ నమ్మకాన్ని పక్కకు నెట్టింది. కోరల ముందు వైపు అరుగుదల, జంతువు మూతిని అడుగున ఆనించి ఈడ్చుకుంటూ పోవడం వల్ల వచ్చేదే. తర్వాత ఈశాన్య గ్రీన్‌లాండ్ తీరంలో నీళ్ల కింద చిత్రీకరించి 2003లో అచ్చు వేసిన పరిశోధన కూడా అదే చూపింది. వాల్రస్‌లు ఫ్లిప్పర్‌తో, అదీ ఎక్కువగా కుడి ఫ్లిప్పర్‌తో, మట్టిని ఎగదోస్తాయి. మూతితో తోస్తాయి. నోటితో నీటిధార చిమ్మి ఇసుకను చెదరగొడతాయి. కోరలు వాడేది మంచు మీదికి ఒళ్లు ఈడ్చుకోవడానికి, ఊపిరి కన్నాలు మూసుకుపోకుండా చూసుకోవడానికి, అన్నిటికంటే ఎక్కువగా గుంపులో తన స్థానం చాటుకోవడానికి.

తిండి తినడానికి కోర అక్కర్లేదన్న ఈ ఒక్క సంగతి జూ వైద్యంలో పెద్ద ఊరట. కోర తీసేసిన జంతువు పస్తు పడుకోదు. నోరంతా పీల్చే యంత్రమే. లావుపాటి నాలుకను లోపలికి లాగితే నోట్లో గాలి లేని ఖాళీ ఏర్పడుతుంది. మామిడి రసాన్ని పిండి పీల్చి టెంక వదిలేసినట్టు, వాల్రస్ ఆల్చిప్పలోని మాంసాన్ని జుర్రేసి చిప్ప వదిలేస్తుంది. ఆ బలం ఎంతో నెదర్లాండ్స్‌లోని హార్డర్‌వైక్ డాల్ఫినారియంలో రాన్ కాస్టెలైన్ బృందం 1990లలో కొలిచింది. గాలిలో సుమారు 88 కిలోపాస్కల్స్, నీళ్ల కింద సుమారు 119 కిలోపాస్కల్స్. మనం పీల్చే గాలి పీడనం 101 కిలోపాస్కల్స్ దాకానే. మూతి మీద 400 నుంచి 700 దాకా గట్టి మీసాలుంటాయి. హార్డర్‌వైక్‌లోనే చేసిన మరో పరీక్షలో, వాల్రస్ కళ్లతో పని లేకుండా మీసాల స్పర్శతోనే త్రికోణానికీ వృత్తానికీ తేడా కనిపెట్టింది. ఆ బిళ్లల సైజు అర చదరపు సెంటీమీటరు కంటే తక్కువకు దిగినా తడబడలేదు.

ఇంతటి నోరు, ఇంతటి స్పర్శ ఉన్న జంతువుకు జూ ఏమిస్తుంది? బకెట్‌లో చేపలు. పది నిమిషాల్లో పూట భోజనం అయిపోతుంది. సముద్రంలో అయితే అదే కడుపు నింపుకోవడానికి చీకటి నీళ్ల అడుగుకు మళ్లీ మళ్లీ మునిగి, గంటలకొద్దీ వెతికి, వేల ఆల్చిప్పలు ఏరుకోవాలి. ఆ గంటలన్నీ జూలో ఖాళీ. ఖాళీగా ఉన్న వాల్రస్ గోడను పీలుస్తుంది, కొలనుకు వేసిన రంగు పెచ్చులుగా ఊడేదాకా పీలుస్తుంది. తిన్నది కక్కి మళ్లీ తింటుంది. ఒకే దారిలో గుండ్రంగా ఈదుతుంది. కోరను కాంక్రీటుకేసి రుద్దుతుంది, రోజూ, ఒకే చోట.

కోర చికిత్స గురించి మాట్లాడేటప్పుడు తరచూ జారిపోయేది ఈ ముక్కే. నోట్లో కనిపించే జబ్బుకు మూలం నేలలోనూ, ఖాళీ గంటల్లోనూ ఉంది. దంతవైద్యుడి వంతు ఆఖరున వస్తుంది.

పగులు నుంచి ఎముక దాకా

అరుగుదల నెమ్మదిగా సాగితే కోర తనను తాను కాపాడుకోగలదు. లోపల కొత్త డెంటిన్ పేరుకుని పల్ప్ వెనక్కి జరుగుతుంది. అరుగుదల ఆ వేగాన్ని మించినప్పుడు, లేదా ఇనుప చువ్వల మధ్య ఇరుక్కుని కోర చిట్లినప్పుడు, పల్ప్‌కు దారి తెరుచుకుంటుంది. జంతువు ఉండేది నీళ్లలో. అదే నీళ్లలో మలమూత్రాలూ ఉంటాయి. బ్యాక్టీరియా పగులు గుండా పైకి పాకుతుంది. కోర మొదలు పైదవడ ఎముకలో లోతుగా పాతుకుని ఉంటుంది కాబట్టి చీము పట్టేది పుర్రె లోపలే. అక్కడి నుంచి ఎముక కుళ్లవచ్చు, రక్తంలోకి విషం పాకి ప్రాణం మీదికి రావచ్చు.

బయటికి తెలిసే గుర్తులు చిన్నవి. ఎదురుచూసి తినే చేపను వదిలేయడం. మూతికి ఒక పక్క వాపు. నోరు తెరవమంటే తల పక్కకు తిప్పుకోవడం. దగ్గరికి వస్తే దుర్వాసన. ఇంతటి ఒళ్లున్న జంతువు నొప్పిని చాలా రోజులు దాచుకోగలదు. పెద్ద మగ పసిఫిక్ వాల్రస్ బరువు 1,500 కిలోలు దాటుతుంది మరి. అందుకే రోజూ చూసే కీపరు కన్నును మించిన పరికరం లేదు. అనుమానం వస్తే రక్తపరీక్షలో తెల్ల కణాలు చూస్తారు, ఎక్స్‌రే తీసి మొదలు దగ్గర ఎముక పలచబడిందేమో చూస్తారు.

ముందే పట్టుకుంటే దారులున్నాయి. చిట్లిన అంచును నున్నగా అరగదీయవచ్చు. అరుగుతున్న కొసకు లోహపు తొడుగు అతికించవచ్చు, కొన్ని జూలు ఈ పని చేస్తూ వచ్చాయి. తొడుగుకూ ఆయుష్షు తక్కువే. కోర పెరుగుతూనే ఉంటుంది, వాల్రస్ దాన్ని గోడకేసి రుద్దుతూనే ఉంటుంది, తొడుగు ఊడిపోతుంది. ఊడిన తొడుగును అదే జంతువు పీల్చి మింగకుండా చూసుకోవాలి. పల్ప్ అప్పుడే బయటపడితే మన పళ్లకు చేసినట్టే లోపల శుభ్రం చేసి మూసే ప్రయత్నమూ చేయవచ్చు. ఇన్ఫెక్షన్ మొదలు దాకా చేరాక మిగిలేది పెకలించడమే.

పెకలించడం అంటే పటకారుతో లాగడం కాదు. కోర చుట్టూ ఎముక గోడ మందంగా ఉంటుంది. బయటి వైపు ఎముకను తొలిచి దారి చేసి, కోరను ముక్కలుగా కోసి తీయాల్సి రావచ్చు. పని గంటలు పడుతుంది. అసలు భయం మాత్రం కత్తిది కాదు, మత్తుది.

వాల్రస్‌కు మత్తు ఇవ్వడం సముద్ర క్షీరదాల వైద్యంలో అతి కష్టమైన పనుల్లో ఒకటి. చర్మమే 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం, దాని కింద 10 సెంటీమీటర్ల వరకూ కొవ్వు. సూది కండ దాకా పోదు. మందు కొవ్వులో నిలిచిపోతే ఎప్పుడు ఎంత ఒంటికి పడుతుందో చెప్పలేం. రక్తనాళం సులువుగా దొరకదు. నీళ్లలో మునిగే జంతువులకు ఊపిరి బిగపట్టడం, గుండెను నెమ్మదింపజేయడం పుట్టుకతో వచ్చిన గుణం. మత్తులోకి జారగానే వాల్రస్ ఊపిరి ఆపేస్తుంది. అప్పుడు గొట్టం వేసి ఊపిరి అందించాలి. నోరు చూస్తే ఇరుకు, అంగిలి ఎత్తు, నాలుక లావు. గొంతు దాకా చేయి పెట్టి తడుముతూ గొట్టం దింపాలి. ఆర్కిటిక్‌లో పరికరాలు అమర్చడానికి అడవి వాల్రస్‌లకు మత్తు బాణాలు వేసిన పరిశోధకులు కొన్ని జంతువులను కోల్పోయారు. జూలో డాక్టర్లు, యంత్రాలు, విరుగుడు మందులు పక్కనే ఉంటాయి కాబట్టి ప్రమాదం తగ్గుతుంది. పూర్తిగా మాత్రం పోదు.

ఆపరేషన్ అయ్యాక మరో పరీక్ష. పెద్ద గుంత మిగులుతుంది, జంతువేమో నీళ్లు లేకుండా ఉండలేదు. గుంతను రోజూ కడగాలి, లోపలి నుంచి కండ పట్టేదాకా వారాల తరబడి చూడాలి. యాంటీబయాటిక్ మాత్రలు చేప కడుపులో దాచి పెట్టాలి. చేప తినని వాల్రస్‌కు మాత్ర తినిపించే దారి లేదు.

నోరు తెరవడం నేర్పడం

ఇదంతా తప్పించగల ఉపాయం ఒక బకెట్ చేపలతో మొదలవుతుంది. గత కొన్ని దశాబ్దాలలో వాల్రస్ వైద్యంలో వచ్చిన అతి పెద్ద మార్పు మందుల్లో కంటే శిక్షణలోనే కనిపిస్తుంది. కీపరు చేయి చూపగానే వాల్రస్ గట్టుకు వస్తుంది, గడ్డం ఒకచోట ఆనిస్తుంది, నోరు తెరుస్తుంది, వేలు చిగుళ్ల మీద తిరుగుతుంటే కదలకుండా ఉంటుంది. విజిల్ వినగానే చేప. ఇష్టం లేకపోతే వెనక్కి వెళ్లిపోవచ్చు, శిక్ష ఉండదు. ఈ స్వేచ్ఛ లేకపోతే పాఠమే నిలవదు. మనిషికీ జంతువుకూ మధ్య కంచె ఉంటుంది కాబట్టి ఇద్దరికీ భద్రత.

ఇలా నేర్చిన వాల్రస్‌లు వెనక ఫ్లిప్పర్ చాచి రక్తం ఇస్తాయి, తూకం యంత్రం ఎక్కుతాయి, కంట్లో చుక్కలు వేయించుకుంటాయి, ఎక్స్‌రే పలక పక్కన తల నిలుపుతాయి. మత్తు అక్కర్లేని ప్రతి పరీక్షా ప్రాణగండం తప్పినట్టే. పైగా ప్రతిరోజూ కోరను చూసి, తడిమి, ఫొటో తీసి, కొలిస్తే పగులు గోరంత ఉన్నప్పుడే దొరుకుతుంది. వాల్రస్ నేర్పరితనం మీద అనుమానం ఉన్నవారు కాలిఫోర్నియాలో కొలీన్ రైక్‌ముత్, రొనాల్డ్ షుస్టర్‌మన్ 2008లో ప్రచురించిన పరిశోధన చూడాలి. కొత్త కొత్త శబ్దాలు చేస్తే బహుమతి దొరుకుతుందని తెలిశాక, అక్కడి వాల్రస్‌లు తమంతట తామే రకరకాల శబ్దాలు పుట్టించాయి.

ఇక నేల సంగతి. హార్డర్‌వైక్‌లో కాస్టెలైన్, వీప్‌కెమా 1989లోనే ఒక తవ్వుడు తొట్టె ప్రయోగం గురించి రాశారు. తొట్టెలో తవ్వి వెతికితేనే తిండి. దాన్ని వాళ్లు వాల్రస్‌లకు వృత్తి చికిత్స అని పిలిచారు. తవ్వే పని దొరికితే పనిలేని తిరుగుడు తగ్గుతుందన్నది వాళ్ల ఆలోచన. ఇంత చవకైన ఉపాయం అచ్చులోకి వచ్చి మూడున్నర దశాబ్దాలైంది. దీన్ని ప్రతి వాల్రస్ కొలను కట్టేటప్పుడే కలపాల్సింది. చాలాచోట్ల తర్వాత గుర్తొచ్చిన అలంకారంగానే వచ్చింది. గోడలకు నున్నటి పూత, గుండ్రటి అంచులు, గట్టు మీద రబ్బరు పరుపు, చేపలు గడ్డకట్టించిన మంచు దిమ్మలు, పీల్చుకోవడానికి చిప్పతో ఇచ్చే ఆల్చిప్పలు, సముద్రపు నాచులా వేలాడదీసిన మెత్తటి గుడ్డ పట్టీలు. ఇవేవీ విలాసాలు కావు. కోరను నిలబెట్టే వైద్యమే ఇది. వాల్రస్ గుంపుగా, ఒళ్లూ ఒళ్లూ ఆనించుకుని బతికే జంతువు కాబట్టి తోడు కూడా ఈ వైద్యంలో భాగమే.

కొన్నిచోట్ల కోర జబ్బు రాకముందే చిన్న వయసులో తీసేస్తే పోలా అన్న మాట వినిపించింది. ఆ మాట ఒప్పుకోదగ్గది కాదు. జబ్బు లేని అవయవాన్ని కొలను నిర్మాణానికి అనువుగా కోసేయడమంటే కొలను చేసిన తప్పుకు జంతువు మూల్యం చెల్లించడమే. కుళ్లిన కోరను తీయడం దయ. బాగున్న కోరను తీయడం నిర్మాణ లోపాన్ని దాచడం.

నోటి అవతల

కళ్లు మరో బలహీనత. క్లోరిన్ ఎక్కువైన నీళ్లు, ఉప్పు లేని మంచినీళ్లు, తెల్లటి కొలను అడుగు నుంచి పైకి కొట్టే ఎండ, నీడ లేని గట్టు, ఇవన్నీ జూలలోని సీళ్లు, వాల్రస్‌లలో కంటి నల్లగుడ్డు మీద పుండ్లకు, పొరలకు దారితీస్తాయి. అందుకే ఇప్పుడు నీళ్లకు ఉప్పు కలుపుతున్నారు, ఓజోన్‌తో శుద్ధి చేస్తున్నారు, గట్టుకు ముదురు రంగు వేసి నీడ కడుతున్నారు.

తిండిలోనూ ఒక మోసం దాగి ఉంది. హెర్రింగ్, కాపెలిన్ లాంటి చేపలు గడ్డకట్టించి నిలవ ఉంచితే వాటిలోని ఒక ఎంజైమ్ బీ1 విటమిన్‌ను తినేస్తుంది. నిలవ ఉంటే ‘ఇ’ విటమిన్ కూడా తగ్గుతుంది. రోజూ ఈ రెండు విటమిన్లనూ విడిగా చేప మొప్పల్లో పెట్టి ఇవ్వకపోతే నరాలు దెబ్బతింటాయి. మగ వాల్రస్ జతకట్టే కాలంలో తిండి మానేస్తుంది. ఆ పస్తు సహజమైనది. కోర చీముతో వచ్చే పస్తూ బయటికి అలాగే కనిపిస్తుంది. ఏది ఏదో తేల్చాలంటే ఏళ్ల తరబడి రాసిన రోజువారీ లెక్కలు కావాలి. ఇక సందర్శకులు విసిరే నాణేలు, గులకరాళ్లు. 119 కిలోపాస్కల్స్ బలంతో పీల్చే నోటికి కొలను అడుగున పడిందల్లా తిండే. కడుపులో చేరిన రాళ్లు పేగును అడ్డుకోగలవు. కొలనులోకి ఏమీ వేయొద్దని రాసిన బోర్డు ఈ జంతువు ఆయుష్షును నిలబెట్టే బోర్డు.

ఈ జంతువును బతికించడం ఎంత కష్టమో చరిత్ర చెబుతుంది. 1608లో బేర్ ద్వీపం నుంచి ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ కొలువుకు ఒక పిల్లను తెచ్చారు. కొద్ది వారాలకే అది చనిపోయింది. 1853లో లండన్ జూకు చేరిన పిల్ల కూడా నిలవలేదు. తల్లి పాలలో కొవ్వు ఎక్కువన్న సంగతీ, రెండేళ్లు తల్లిని వదలదన్న సంగతీ అప్పటివారికి తెలియవు. అటు నుంచి చూస్తే, 1976 నుంచి 2003 దాకా హాంబుర్గ్‌లోని హాగెన్‌బెక్ జూలో బతికి, జర్మన్ టెలివిజన్ సంస్థ ఎన్‌డీఆర్‌కు చిహ్నమైన ఆంట్యె అనే ఆడ వాల్రస్ 27 ఏళ్ల జీవితం చిన్నది కాదు. అదే జూలో 2014 జూన్‌లో థోర్ పుట్టింది. జర్మనీలో జూలో పుట్టిన మొదటి వాల్రస్ అది. 2016లో క్యుబెక్ అక్వేరియంలో ఆర్నాలియాక్, సామ్కా అనే రెండు తల్లులకు ఒక్కో పిల్ల పుట్టింది. కెనడాలో అలాంటి కాన్పులు అవే మొదలు. జూ కాన్పులు ఇప్పటికీ అరుదే, బతికి బట్టకట్టే పిల్లలు అంతకంటే తక్కువ.

కాబట్టి అమెరికా జూలకు కొత్తగా వచ్చేవి ఎక్కువగా అలాస్కా తీరంలో తల్లి తప్పిపోయిన అనాథలే. 2012 జులైలో బారో ఊరి దగ్గర దొరికిన మిటిక్, పకాక్ అలాంటివి. మిటిక్‌కు మూత్రాశయంలో ఇన్ఫెక్షన్. సీవర్డ్‌లోని అలాస్కా సీలైఫ్ సెంటర్‌లో కోలుకుని అక్టోబరులో మిటిక్ న్యూయార్క్ అక్వేరియం చేరింది, పకాక్ ఇండియానాపొలిస్ జూకు వెళ్లింది. మిటిక్ వచ్చి మూడు వారాలు కాకముందే, అక్టోబరు 29న శాండీ తుపాను సముద్రాన్ని న్యూయార్క్ అక్వేరియం లోపలికి తెచ్చింది. కరెంటు, పంపులు పోయాయి. సిబ్బంది ఆ రాత్రి అక్కడే ఉండి దాన్ని కాపాడుకున్నారు. 2023 ఆగస్టులో తీరానికి ఆరు కిలోమీటర్లకు పైగా లోపల, టండ్రా మీద ఒంటరిగా దొరికిన పిల్లకు అంత అదృష్టం లేకపోయింది. సుమారు 90 కిలోల ఆ పిల్లకు తల్లి ఒంటి వేడి లోటు తీర్చడానికి సీలైఫ్ సెంటర్ సిబ్బంది వంతులవారీగా రేయింబవళ్లు పక్కన కూర్చుని ఆనించుకున్నారు. అయినా ఆగస్టు 11న చనిపోయింది. 2024 జులైలో ఉట్కియాగ్విక్ (పాత పేరు బారో) నుంచి అక్కడికే వచ్చిన మరో పిల్ల, ఊకి అనే ఆడది, సుమారు 75 కిలోల బరువుతో, నీరసించి, ఒంట్లో నీరు ఇంకిపోయి చేరింది. ఈసారి పిల్ల కోలుకుంది. తల్లి దగ్గర నేర్వాల్సిన రెండేళ్ల చదువు లేనందున ఇలాంటి పిల్లలను తిరిగి సముద్రంలో వదలలేరు.

వేసవి మంచు తగ్గుతున్న తీరంలో అనాథలు రావడం ఆగదు. 2014లో అలాస్కాలోని పాయింట్ లే ఒడ్డున, నిలవడానికి మంచు లేక సుమారు 35,000 వాల్రస్‌లు ఒకేచోట గుమిగూడాయి. అలాంటి గుంపు బెదిరి పరుగెత్తితే పిల్లలు తొక్కిసలాటలో నలిగిపోతాయి, తల్లులకు దూరమవుతాయి. దొరికిన పిల్లకు మొదటి అవసరం పాలు, వెచ్చదనం. రెండోది, ఏడాది తర్వాత పెదవి కింద కోర దిగేసరికి సిద్ధంగా ఉండాల్సిన కొలను. పాలసీసా పట్టే రోజుల్లోనే చిగుళ్ల మీద వేలు అలవాటు చేస్తే పెద్దయ్యాక నోరు తెరవడం ఆ జంతువుకు కొత్త కాదు. అలా పెరిగిన వాల్రస్ విషయంలో కోర మొదటి పగులును ఎక్స్‌రే కంటే ముందు కీపరు వేలే పట్టుకుంటుంది.